ఉంగరం లేని ఊచలు

అమీర్‌పేట వెళ్లొచ్చానని చెబితే మా గాజువాకలో ఎవరైనా ముందు అడిగేది, "అబ్బాయా, అమ్మాయా? ఏ కోర్సు?" అని. అబ్బాయీ కాదు, అమ్మాయీ కాదు, నేనే నేర్చుకొచ్చానంటే నవ్వుతారు. యాభైకి దగ్గరపడ్డ మనిషికి కోర్సేమిటని వాళ్ల నవ్వు.

మా ఊరి శివార్లలో ఇళ్ల పిల్లర్లకీ కప్పులకీ వాడే ఇనుప ఊచలు తయారుచేసే చిన్న మిల్లొకటుంది. అందులో పరీక్షల గది నాది. ఊచను తెగేదాకా సాగదీయడం, వంచి చూడడం, అడ్డంగా కోసి లోపలి పొరలు చూడడం నా పని. సాఫ్ట్‌వేర్ మాట తప్ప ఊళ్లో ఇంకో మాట వినపడని రోజులు ఇవి. మా యజమాని కూడా సాగదీసే యంత్రానికి ఒక కంప్యూటర్ తగిలించాడు. దాన్ని నడపడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి. "పద్మావతి గారూ, అమీర్‌పేటలో వారంలో నేర్పేస్తారటండీ. వెళ్లిరండి" అన్నాడు.

హైదరాబాద్‌లో చార్మినార్ చూశారా, గోల్కొండ చూశారా అని అడిగేవాళ్లకు లేదనే చెబుతున్నాను. నేను చూసినవి వేరు. వాటి నుంచి ఇంకా తేరుకోలేదు కాబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను.

చౌరస్తాలో

రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన కళ్లకు అమీర్‌పేట ముందు ఒక గోడలా కనిపించింది. భవనాలు కనపడవు, బోర్డులే. బోర్డు మీద బోర్డు, దాని మీద బ్యానరు, బ్యానరుకు అడ్డంగా కరెంటు తీగలు. కింద మనుషులు. మా ఊళ్లో పెద్ద సినిమా మొదటి ఆట వదిలినప్పుడు ఉండే జనం ఇక్కడ పొద్దున్న టిఫిన్ల వేళకే ఉన్నారు. అందరి వీపునా సంచి, అందరి చేతిలో ఒక కాగితాల కట్ట.

ఆటో దిగగానే కాగితాలు పంచేవాళ్లు చుట్టుముట్టారు. "మేడం, జావా? డాట్‌నెట్? టెస్టింగా?" ఒకతను నా నెరిసిన జుట్టు చూసి గొంతు తగ్గించి, "పాప కోసమా మేడం?" అన్నాడు. నాకోసమేనంటే కాగితం ఇవ్వాలో వద్దో తెలియక చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

మొదటి రోజు తప్పు క్లాసులో కూర్చున్నాను. అది తెలియడానికి గంట పట్టింది, ఎందుకంటే పాఠం చెప్పే ఆయన నాకు కనపడనే లేదు. హాలు నిండిపోయి పిల్లలు మెట్ల మీద, కిటికీ దిమ్మెల మీద, గుమ్మం బయట చెప్పుల మధ్య కూర్చుని రాసుకుంటున్నారు. పక్కనున్న అమ్మాయిని ఇదేం పాఠమని అడిగితే, "నాకూ తెలీదండీ, ఫస్ట్ రాసుకుంటే తర్వాత అర్థమవుతుందంట" అంది. చదువు ఇలా జరుగుతుందని నేను ఎరగను. బయటకు రావడానికి కూడా నలుగురిని దాటుకుని రావలసి వచ్చింది.

తిండి సంగతి చెప్పాలి. మా ఊళ్లో నిండు గ్లాసు టీ వచ్చే డబ్బుకు ఇక్కడ చిన్న కప్పులో సగం పోస్తారు. కానీ ఆ సగమే పాయసంలా చిక్కగా ఉంటుంది, పక్కన ఉప్పూ తీపీ కలిసిన బిస్కెట్టు పెడితే రెండో కప్పు అడగకుండా లేవలేం. వీధికి నాలుగు కర్రీ పాయింట్లు. అన్నం గదిలో వండుకుని కూర ఇక్కడ కొనుక్కుపోతారు. సాంబారు కూడా ప్లాస్టిక్ కవర్లో పోసి దారంతో మూతి బిగిస్తారు. ఆ ముడి విప్పడం ఒక విద్య. అది రాక మొదటి సాయంత్రమే నా గద్వాల చీర మీద సాంబారు పోసుకున్నాను.

బాలమణి గారి హాస్టల్

సందులోకి వెళ్తే నా బస. కింద యజమానురాలి ఇల్లు, పైన మూడు అంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్. ఒక్క మంచానికి వాళ్లు తీసుకునే నెల అద్దెకు మా వీధిలో పెరడుతో సహా చిన్న ఇల్లు వస్తుంది. నాకు మూడో అంతస్తులో వెనక గది ఇచ్చారు. అందులో సిద్దిపేట పిల్ల శ్రావణి ఉంటోంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటోంది. నేను ఇనుము పరీక్షలు చేస్తానని తెలిసి, "గట్లయితే మనిద్దరిది ఒకటే లైన్ ఆంటీ" అని చేయి కలిపింది.

యజమానురాలు బాలమణి గారు. నా వయసే. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. హాస్టల్లో వంట తనే దగ్గరుండి చేయిస్తుంది, వడ్డన ఎవరికీ వదలదు.

"మా అత్త ఉన్నప్పుడు గీ జాగల బర్లు ఉండె పద్మక్కా," అంది అన్నం పెడుతూ. "అప్పుడు పాలు అమ్మినం. ఇప్పుడు మంచాలు కిరాయికిస్తున్నం. బర్లే నయం, రాత్రి ఫోన్లల మాట్లాడవు."

ఆ పూట పచ్చిపులుసు పోసింది. చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయలు, కారం, పోపు. పొయ్యి మీద పెట్టనే లేదు. పులుసంటే గంటసేపు మరగాలని నమ్మే ఉత్తరాంధ్ర దాన్ని, మరిగించడం మర్చిపోయారేమో అనుకున్నాను. ఒక ముద్ద తిన్నాక మూడుసార్లు పోయించుకున్నాను.

ముందు గదిలో ఆవిడ తమ్ముడు మల్లేశం ఉంటాడు. పాత కట్టడాలు కూలగొట్టే కంట్రాక్టులు తీసుకుని, వచ్చిన తలుపులు, ఇటుకలు, ఇనుము అమ్ముతుంటాడు. గట్టిగా నవ్వే మనిషి. ఆడపిల్లలు ఎవరికి జ్వరం వచ్చినా ఆటో పిలిచేది, ఆసుపత్రికి తీసుకుపోయేది అతనే. కూతురికి పెళ్లయి వెళ్లింది. భార్య పోయాక అక్క దగ్గరే ఉంటున్నాడు.

మేడ మీద

మర్నాడు పొద్దున్నే ఉతికిన చీర ఆరేద్దామని మేడెక్కాను. పైన నాలుగో అంతస్తు పని జరుగుతోంది. అలాంటివి అమీర్‌పేటలో ఎటు చూసినా కనిపిస్తాయి. పిల్లలు వస్తూనే ఉంటారు, ఇళ్లు పైకి లేస్తూనే ఉంటాయి.

ఒక పనివాడు మందపాటి ఊచను వంచుతున్నాడు. చీర తీగ మీద వేస్తూ వేస్తూ ఆగిపోయాను. అంత లావు ఊచ వంచాలంటే మా దగ్గర ఇద్దరు మనుషులు వెనక్కి వాలి లాగుతారు. పట్టు వదిలీ వదలగానే అది కొంచెం వెనక్కి తన్నుతుంది. ఇక్కడ అతనొక్కడే నన్ను చూసి పలకరింపుగా తలాడిస్తూ వంచేశాడు. అది వంచినచోటే ఉండిపోయింది. వెనక్కి తన్నలేదు.

పక్కనే గుట్టగా పడున్న వాటిని చూశాను. నల్లగా, పొలుసులు లేచి ఉన్నాయి. వంకరలు తీసి సాపు చేసిన గుర్తులు అడుగడుక్కీ. ఒకటి తిప్పి చూస్తే దాని ఒంటి మీద అచ్చు. మా మిల్లు అచ్చు.

అది చూసినప్పుడు నాకు కలిగింది చెప్పడం కష్టం. పరాయి ఊళ్లో సొంత మనిషి ఎదురుపడితే ఒక క్షణం సంతోషమేస్తుంది కదా, అలా అనిపించింది. మరుక్షణం ఆ మనిషికి ఏదో అయిందని తెలిసినట్టు దాన్ని కింద పెట్టేశాను. మా గది దాటి వెళ్లిన ఊచ ఇలా వంగదు. వంగితే నేను బయటకు పంపను.

"ఈ ఇనుము ఎక్కడిదండీ?" అని అక్కడ పని చేయిస్తున్న మేస్త్రి సత్తయ్యను అడిగాను.

"మల్లేశం సేటు తెచ్చిండమ్మా. మస్తు మంచిగున్నది. చెప్పినట్టు ఇంటది. కొత్త రాడయితే చేతులు పడిపోతయి."

"పాతదా?"

"పాతది అంటే, కాలిన బిల్డింగుది. పంజగుట్టల పరుపుల గోదాం కాలింది గదా పోయిన చలికాలం, గది."

"దీన్ని దేనికి వాడతారు?"

"పిల్లర్లకే. ఎల్లుండి కాంక్రీటు పోస్తం."

చీర అక్కడే వదిలేసి కిందికి దిగాను.

బాలమణి గారు వంటింట్లో ఉన్నారు. ఆ ఇనుముతో పిల్లర్లు పోయించొద్దని చెప్పాను. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత గరిటె పక్కన పెట్టింది.

"అంటే నా తమ్ముడు నన్ను మోసం చేసిండంటవా?"

"అలా అనడం లేదండీ. ఆయనకు తెలిసుండదు."

"గా ధంధాల ఇరవై ఏండ్ల సంది ఉన్నడు. ఆయనకు తెల్వంది నిన్నగాక మొన్నొచ్చిన నీకు తెలుసా?"

ఆ కేక విని మల్లేశం లోపలికి వచ్చాడు. విన్నాక నా వైపు తిరిగి పెద్దగా నవ్వాడు. "అక్కా, కాల్చే కదా ఇనుము చేస్తరు? కాలితే దానికేమైతది? కట్టెనా, బూడిద కానీకె? రా, బిల్డింగు సుత చూపిస్త. సగం ఇంకా అట్లనే ఉన్నది."

నా క్లాసు ఆ పూట పోయింది.

పంజగుట్ట

షేర్ ఆటోలో ఇరుక్కుని పంజగుట్టకు వెళ్లాం. వెలిగిపోతున్న నగల దుకాణాలు, చీరల దుకాణాలు దాటి పక్క సందులోకి మళ్లాక ఆ కట్టడం కనిపించింది. ముందు సగం కూలగొట్టేశారు. వెనక సగం నిలబడి ఉంది.

మంటలో కాలిన ఇంటిని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. రోజూ కొలిమి ముందు నిలబడేదాన్ని, ఎర్రటి ఇనుము నాకు కొత్త కాదు. కానీ ఇది వేరు. నేలమాళిగ పైకప్పు నాలుగు మూలలా కట్టి వదిలిన దుప్పటిలా మధ్యలో కిందికి జారి ఉంది. కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి ఊచలు బయటపడ్డాయి. కొన్ని తెగిన వీణ తీగల్లా చుట్టుకుపోయి వేలాడుతున్నాయి. గోడలకు ఇంకా పొగ వాసన.

"స్పాంజి పరుపులమ్మా," అన్నాడు కాపలా మనిషి. "ఫైరింజన్లు మస్తు నీళ్లు కొట్టినయి, కానీ కింది అంతస్తుకు నీళ్లు పోలే. లోపల్లోపల్నే రాజుకున్నది. దేవుని దయ, అందరు బయటికొచ్చిండ్రు."

మల్లేశం ఒక ఊచను చేత్తో తట్టాడు. "చూడు, మందం ఏమన్న తగ్గిందా? ఎట్లున్నది అట్లనే ఉన్నది."

"మల్లేశం గారూ, మా మిల్లులో ఏం చేస్తామో చెబుతాను వినండి. ఎర్రగా కాలుతున్న ఊచ చివరి రోలర్లోంచి రాగానే నీళ్ల జల్లులోంచి దూసుకుపోతుంది. కన్ను మూసి తెరిచేంత సేపే. పైచర్మం గబుక్కున చల్లారి గట్టిపడుతుంది. లోపల ఇంకా ఎర్రగానే ఉంటుంది. ఆ లోపలి వేడి మెల్లగా పైకి వచ్చి గట్టిపడ్డ చర్మానికి ఉన్న పెళుసుదనం తీసేస్తుంది. అందుకే మీరు కొనే ఊచకు పైన గట్టిదనం, లోపల మెత్తదనం. బరువు మోస్తుంది, విరక్కుండా వంగుతుంది కూడా."

"అయితే?"

"ఆ బలం ఇనుముది కాదు, దాన్ని చల్లార్చిన తీరుది. ఇక్కడ మళ్లీ ఎర్రగా కాలింది. ఈసారి నీళ్లు దానిదాకా రాలేదు, గాలికి తీరిగ్గా చల్లారింది. గట్టిపడ్డ చర్మం కూడా లోపలిదానిలాగే అయిపోయింది. ఇప్పుడు పైనుంచి లోపలిదాకా అంతా మెత్తనే. మందం తగ్గదు, రూపం మారదు. అందుకే తెలియదు."

మల్లేశం ఆ ఊచ మీద చెయ్యి తీయలేదు.

"మా చిన్నప్పుడు గుడిసె అంటుకున్నది అక్కా. మా నాయన కొడవలి నిప్పుల పడిపోయింది. తెల్లారి బూడిదలకెంచి తీస్తే మంచిగనే ఉండె. కానీ ఎంత నూరినా పదును నిలువలే. గడ్డి సుత తెగలే. కమ్మరాయన మళ్ల కాల్చి నీళ్లల ముంచినంకనే పనికొచ్చింది."

"అదేనండీ."

"గదే ఇది?"

"అదే ఇది."

తిరుగు ఆటోలో ఆ మనిషి నవ్వలేదు. అమీర్‌పేట దగ్గర దిగుతూ, "నువ్వు చెప్పింది నిజమే అనిపిస్తున్నది. కానీ మా అక్క నమ్మాలె. కంటికి చూపెట్టగలవా?" అన్నాడు.

చారి గారి దుకాణం

చూపించొచ్చు. మా గదిలో రోజూ చేసే పనే. ఊచను అడ్డంగా కోసి, ఆ ముఖాన్ని అద్దంలా నునుపు చేసి, నత్రికామ్లం కలిపిన స్పిరిట్‌తో తుడిస్తే గట్టిపడ్డ చర్మం నల్లటి ఉంగరంలా పైకి తేలుతుంది. కానీ ఊరుకాని ఊళ్లో నత్రికామ్లం ఎక్కడ దొరుకుతుంది?

శ్రావణికే తట్టింది. "ఆంటీ, బంగారం పనోళ్లు యాసిడ్ పెట్టే చూస్తరు కదా?"

కూరగాయల సందు చివర గంపంత దుకాణంలో చారి గారు కూర్చుని ఉన్నారు. ఎదురుగా చిన్న దీపం, ఊదుడు గొట్టం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. వన్నె చూసే నీళ్లు కొంచెం కావాలన్నాను.

"బంగారం ఎక్కడున్నదమ్మా?"

"బంగారం కాదండీ. ఇనుము చూడాలి."

ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి నన్నూ శ్రావణినీ మార్చి మార్చి చూశారు. "నలభై ఏండ్లల గీ మాట ఎవ్వరు అడగలే" అని, గాజు మూత ఉన్న బుడ్డిలో నాలుగు చుక్కలు పోశారు. "జర పైలం. చేతికి అంటితే పసుపు పడతది, నెల దాకా పోదు."

అంటింది. ఊరికి తిరిగొచ్చాక కూడా చాలా రోజులు నా చూపుడు వేలు పసుపుగానే ఉంది.

మందుల షాపులో స్పిరిట్, హార్డ్‌వేర్ షాపులో గరుకు కాగితాలు, ఇనుము దుకాణంలో కొత్త ఊచ ముక్క ఒకటి కొన్నాం. సత్తయ్య కాలిన ఊచల్లోంచి ముక్కలు కోసిచ్చాడు. హాస్టల్ భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి రుద్దడం మొదలుపెట్టాం. శ్రావణి చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు. వచ్చిన ఆడపిల్లలు వచ్చినట్టే బల్ల చుట్టూ నిలబడ్డారు. బాలమణి గారు మాత్రం గుమ్మంలోనే ఉన్నారు, చేతులు కట్టుకుని.

స్పిరిట్‌లో యాసిడ్ చుక్క వేసి, దూది ముంచి ముందు కొత్త ముక్కను తుడిచాను. తెల్లగా మెరుస్తున్న ముఖం మసకబారింది. తర్వాత అంచు చుట్టూ నల్లని ఉంగరం నెమ్మదిగా పైకి వచ్చింది. ఎవరో "అబ్బ" అన్నారు.

కాలిన ముక్క తుడిచాను. మసకబారింది. అంతే. మళ్లీ తుడిచాను. ముఖమంతా ఒకే బూడిద రంగు. రెండో ముక్క, మూడో ముక్క కూడా అంతే.

నాకు ముందే తెలుసు. తెలిసినా, మా మిల్లు అచ్చు ఉన్న ఊచకు ఆ ఉంగరం లేకపోతే, ముక్కను తిప్పి అచ్చును మరోసారి చూసుకున్నాను. ఒకప్పుడు దానికి ఉంది. ఉందని చూసి పంపింది మా గదే.

బాలమణి గారు దగ్గరకు వచ్చి రెండు ముక్కలూ రెండు చేతుల్లో పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. "సత్తయ్యా, ఎల్లుండి పిల్లర్లు ఆపు" అన్నారు.

అప్పుడు శ్రావణి అడిగింది. మామూలుగానే అడిగింది, ఏదో పాఠంలో సందేహం అడిగినట్టు.

"మరి మనం ఉన్న ఫ్లోరుల ఏ రాడ్లు వేసిండ్రు ఆంటీ?"

మూడో అంతస్తు కట్టింది పోయిన ఎండాకాలం. గోదాము కాలింది అంతకు ముందు చలికాలం. నేను మల్లేశం వైపు చూశాను. అతను గోడకు ఆనుకుని అలాగే నేల మీద కూలబడ్డాడు.

"కొన్ని కొత్తయి, కొన్ని గవే," అన్నాడు. "ఏవెక్కడ పెట్టిండ్రో యాది లేదు."

పిల్లర్ల కొసలు

ఇల్లు కట్టేటప్పుడు పై అంతస్తు కోసం పిల్లర్ల ఊచలు మేడ మీద నడుమెత్తు వదిలేస్తారు. మీరూ చూసే ఉంటారు, ఏ ఊళ్లోనైనా సగం కట్టిన ఇళ్ల మీద మొలకల్లా నిలబడి ఉంటాయి. మేడ మీదున్న కొసలంటే మా గది గోడల్లో ఉన్న ఊచలే. కొసను కొంచెం కోస్తే పిల్లర్‌కు నష్టం లేదు.

మర్నాడు పొద్దున సత్తయ్య ఒక్కో పిల్లర్ కొసా కోసి, ఏది ఏ మూలదో సుద్దముక్కతో రాసి ఇచ్చాడు. వీధి వైపు వరుసలో ఉంగరం కనిపించింది. కనిపించిన ప్రతిసారీ పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కూడా ధైర్యం వచ్చింది. అప్పుడు వెనక వరుస మొదలుపెట్టాను.

వెనక వరుసలో ఒక్కదానికీ లేదు.

నా మంచం, శ్రావణి మంచం ఆ వరుసకే ఆనుకుని ఉన్నాయి. రాత్రి నేను చెయ్యి చాపి చల్లగా ఉందని అరచెయ్యి ఆనించిన పిల్లర్ అది.

"ఇయ్యాల పడిపోతదా?" అని అడిగింది బాలమణి.

"అలా చెప్పలేనండీ. ఇన్నాళ్లు నిలబడింది, ఇంకా ఏళ్లు నిలబడొచ్చు. పైన ఇంకో అంతస్తు, నీళ్ల ట్యాంకులు పెడితే మోసే బలం ఎంత మిగిలిందో నాకు తెలీదు. అది లెక్కకట్టే ఇంజనీరు వేరే ఉంటాడు. ఆయన్ని పిలవండి."

"నీకు తెల్వకపాయె, నాకు తెల్వకపాయె. తెల్వనప్పుడు మంది బిడ్డల్ని గా గదులల ఎట్ల పండబెడత?"

గంటలో మూడో అంతస్తు ఖాళీ అయింది. పరుపులు, బకెట్లు, పుస్తకాల సంచులు మోసుకుంటూ మెట్ల మీద ఆడపిల్లల వరుస. బాలమణి గారి హాలు, పడకగది, చివరికి దేవుడి గది ముందు జాగా కూడా పరుపులతో నిండిపోయాయి. ఆవిడ అందరినీ సర్దింది, ఎవరి తల దగ్గర ఫ్యాను వస్తుందో చూసింది. అంతా అయ్యాక ముందు గదికి వెళ్లి తమ్ముడి చెంప మీద కొట్టింది.

నలభై అయిదు దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా చెంప పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెవరికి ఇచ్చినవ్?" అంది.

"రెండిండ్లకు."

"పో. పొయ్యి చెప్పు."

మల్లేశం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి రాలేదు. మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే మోగడం లేదు. బాలమణి గారు అన్నం వడ్డిస్తూ ఒక్కసారి మాత్రం అంది, "భయపడి పోయిండు. నేను కొట్టకుండా ఉండాల్సింది." తర్వాత ఆ మాట ఎత్తలేదు. ప్రతి ఆటో చప్పుడుకూ తల మాత్రం వీధి వైపు తిప్పింది.

మిగిలిన రోజులు క్లాసుకు వెళ్లాను. మా యంత్రానికి కావలసినంత నేర్చుకున్నాను. దారిలో కనిపించిన ప్రతి కట్టడం మీదా పిల్లర్ల కొసలనే చూస్తూ నడిచాను. ఒకసారి అలా చూస్తూ బజ్జీల బండిని గుద్దుకున్నాను. బండాయన తిట్టలేదు, ఒక మిర్చి బజ్జీ చేతిలో పెట్టి, "కిందికి చూసుకుంట నడువమ్మా" అన్నాడు.

బస్సు దగ్గర

తిరుగు ప్రయాణానికి రైలు దొరక్క ట్రావెల్స్ బస్సు తీసుకున్నాను. సాయంత్రం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాం, శ్రావణి నన్ను దిగబెట్టడానికి వచ్చింది. బాలమణి గారు కట్టించిన సకినాల పొట్లం ఒళ్లో ఉంది.

జనంలోంచి మల్లేశం వచ్చాడు. గడ్డం మాసిపోయింది, చొక్కా నిండా సిమెంటు దుమ్ము. చేతిలో గుడ్డసంచి. అందులోంచి రెండు ఊచ ముక్కలు తీసి నా ముందు పెట్టాడు. చివరలు నునుపుగా రుద్ది ఉన్నాయి.

"ఇంటికి పోతే ఈడున్నవన్నరు. రెండిండ్ల మీదికెళ్లి కోసి తెచ్చిన అక్కా. శ్రీనగర్ కాలనీ సారు ముందు గేటే తియ్యలే. పొద్దుగాల పోతే మళ్ల రమ్మన్నడు, మళ్ల పోతే తిట్టిండు. ఆఖరికి కొయ్యనిచ్చిండు. నువ్వు చేసినట్టే రుద్దిన. నీ దగ్గర గా మందు ఉన్నదా?"

నా సంచిలోని బుడ్డిలో, కలిపి పెట్టిన మందు అడుగున కొంచెం ఉంది. శ్రావణి దూది తెచ్చింది. మెట్ల మీదే మొదటి ముక్క తుడిచాను. ఉంగరం వచ్చింది, చక్కగా.

"ఇది కాలనీ సారుది," అన్నాడు మల్లేశం. "మంచిగైంది. మంట తాకని పై అంతస్తుయి పోయినట్టున్నయి."

రెండోది తుడిచాను. ముఖం బూడిద రంగుకు తిరిగింది. ఎదురుచూశాను. మళ్లీ తుడిచాను. బస్సు క్లీనరు, "మేడం, సామాను ఎక్కించండి" అని అరుస్తున్నాడు.

"లేదండీ," అన్నాను.

మల్లేశం ముక్కను తీసుకుని వెలుతురుకు తిప్పాడు. "ఇంకొక్కసారి చూడక్కా."

బుడ్డి తలకిందులు చేసి చివరి చుక్కతో తుడిచాను. లేదు.

"ఎవరి ఇల్లు ఇది?"

"మా బిడ్డది. బోరబండల కట్టుకున్నరు. నేనే ఇచ్చిన, ఊకెనే. అచ్చు చూసి, మంచి కంపెనీది అని ఏరి ఏరి ఇచ్చిన."

ముక్కను తిప్పి ఆ అచ్చు నాకు చూపించాడు. మా మిల్లుదే.

మల్లేశం జేబులోంచి ఫోను తీశాడు. అతను చెప్పిన నంబరు శ్రావణి నొక్కి ఇచ్చింది.

"బిడ్డా, పిల్లల్ని తీసుకొని బయటికి రా. ఏం కాలే. ఏడ్వకు, ఎవ్వరికేం కాలే. సామాను తర్వాత తీసుకుందాం. నువ్వు మాత్రం బయటికి రా. గేటు కాడ నిలబడు, నేనొస్తున్న."

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, మాట్లాడుతూనే రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. క్లీనరు తొందరపెడితే బస్సెక్కి కిటికీలోంచి చూశాను, అతను ఆటో ఎక్కుతున్నాడు. ముక్క ఇంకా అతని చేతిలోనే ఉంది.

తిరిగొచ్చాక

శ్రావణి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఇంజనీరు వచ్చి వెనక వరుస పిల్లర్ల చుట్టూ కొత్త ఊచలు కట్టించి, కాంక్రీటు పోయించి లావు చేయించాడు. పై అంతస్తు మాట బాలమణి గారు మానుకున్నారు. పిల్లలు మళ్లీ మూడో అంతస్తుకు వెళ్లారు. బోరబండ ఇంటి పిల్లర్లు బాగు చేసే స్థితిలో లేవన్నారట, దాన్ని పూర్తిగా విప్పేశారు. మల్లేశం కూతురు పిల్లలతో సహా మేనత్త ఇంట్లోనే ఉంటోంది. ఇల్లు కూలగొట్టే పని ఆయన తన కూలీలకే వదిలెయ్యలేదు, తొలి సమ్మెట దెబ్బ తనే వేశాడట.

ఆ ఇంట్లోంచి, మేడ మీదనుంచి, గోదాములోంచి తీసిన ఊచలన్నీ హాస్టల్ ముందు కుప్ప పోశారు. ఎవరో వచ్చి పొడుగు ఊచలు పొడుగ్గానే ఇస్తే మంచి ధర ఇస్తానన్నాడట. మల్లేశం ఒప్పుకోలేదు. గ్యాస్ కట్టర్ మనిషిని పిలిపించి, కుప్ప పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఒక్కటి కూడా మిగలకుండా అన్నిటినీ మూరెడు ముక్కలుగా కోయించాడట. తుక్కుగా కరిగించడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాకుండా.

"సాయంత్రం దాకా లేవలే ఆంటీ," అంది శ్రావణి. "అన్నం సుత అక్కణ్నే తిన్నడు."